టీడీఏ 2030 స్టీరియో కిట్: బోర్డు బంగారం, వైరు దండగ

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినవాళ్లకి ఈ కిట్ తెలిసే ఉంటుంది. పారదర్శకమైన కవర్లో బోర్డు, రెండు టీడీఏ 2030 ఐసీలు (శబ్దాన్ని పెంచే చిప్పులు, చానెల్‌కి ఒకటి), విడిభాగాలు, ఒక చుట్ట వైరు. పైన కంపెనీ పేరుండదు. మా ఊరి రామాలయంలో భజన మండలికి చిన్న ఆంప్లిఫయర్ కావాలంటే ఇదే తెచ్చి, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివే మా మేనల్లుడి చేత కట్టించాను.

ముందు బోర్డు సంగతి. ఈ ధరలో ఇంత శుభ్రమైన బోర్డు దొరకడం గొప్పే. ప్రతి విడిభాగం విలువ బోర్డు మీదే అచ్చేశారు. అవుట్‌పుట్ దగ్గర ఒక ఓమ్ రెసిస్టరు, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టారు. చవక బోర్డుల్లో ఈ జంటని ఎగ్గొట్టేస్తుంటారు. అప్పుడు పాట లేకుండానే ఐసీ ఆసిలేట్ అయి, అంటే తనంతట తానే కంపించి, కాలిపోయేంత వేడెక్కవచ్చు. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి ఒక్కో ఐసీ 14 వాట్లు ఇస్తుందని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల కాగితం) మాట. హార్మోనియం, తాళాలు, పదిమంది గొంతులు గుడి మండపమంతా హాయిగా వినిపిస్తున్నాయి.

ఇక వైరు. తొక్క మందం, లోపల సన్నగా నాలుగు పోగులు. బ్లేడుతో గీరితే పైన రాగి రంగు పోయి తెల్లగా బయటపడింది. అంటే అల్యూమినియానికి రాగి పూత. దీనికి లెడ్డు (అతకడానికి కరిగించే సోల్డర్) సరిగా పట్టదు, రెండుసార్లు వంచితే తెగుతుంది. పక్కన పడేసి 14/36, 23/36 వైరు కొనుక్కోండి. 36 గేజీ పోగులు 14 ఉంటే 14/36, 23 ఉంటే 23/36. సిగ్నల్ కాని చిన్న కనెక్షన్లకి మొదటిది, సప్లైకి, స్పీకర్లకి రెండోది.

వైరు వొలవడానికి పళ్లు వాడే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దయచేసి మానండి. పళ్ల సంగతి అటుంచితే, లాగినప్పుడు పోగులు కూడా తొక్కతోపాటే పోతాయి. స్క్రూతో సందు సరిచేసుకునే సాదా స్ట్రిప్పర్ చాలు. ముందు పనికిరాని ముక్క మీద పెట్టి, తొక్క మాత్రమే తెగి రాగి మీద గీత పడని చోట స్క్రూ బిగించాలి. వొలిచాక పోగులు లెక్కపెట్టండి. 14కి 11 ఉంటే ఆ కొస కత్తిరించి మళ్లీ వొలవాల్సిందే. అయిదారు మిల్లీమీటర్లు వొలిచి, మెలిపెట్టి, లెడ్డు పట్టించి అతకాలి. స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్లే కొసకి మాత్రం లెడ్డు వద్దు. స్క్రూ ఒత్తిడికి లెడ్డు మెల్లగా అణిగిపోయి కొన్నాళ్లకి వైరు వదులవుతుంది.

అసలు చిక్కు షీల్డ్ వైరు దగ్గర వచ్చింది. నడిమి తీగలో సిగ్నల్, దాని చుట్టూ గ్రౌండుకి కలిపే రాగి అల్లిక (షీల్డు) ఉండే ఇన్‌పుట్ వైరు ఇది. ఆన్ చేస్తే ఎడమ చానెల్ మూగ.

"మామయ్యా, ఐసీ పోయినట్టుంది. ఇంకోటి తెద్దామా?" అన్నాడు మావాడు.

"ఆగరా అల్లుడూ. ముందు కరెంటు తీసి, వాల్యూమ్ మధ్యలో పెట్టి, మీటరు బజర్‌లో పెట్టు" అన్నాను.

ఇన్‌పుట్ సాకెట్ నడిమి పిన్నుకీ, షీల్డుకీ మీటరు పెడితే బజర్ మోగింది. మోగకూడదు; మోగిందంటే రెండూ ఎక్కడో కలిసిపోయాయన్నమాట. వాల్యూమ్ కంట్రోలు దగ్గర భూతద్దం పెట్టి చూశాం. షీల్డు అల్లికలోంచి వెంట్రుకలాంటి ఒకే ఒక్క పోగు తప్పించుకుని పక్కనున్న సిగ్నల్ కాలికి ఆనుకుని ఉంది. దాన్ని ట్వీజర్‌తో పక్కకి తీయగానే బజర్ ఆగింది, కరెంటు ఇస్తే ఎడమ చానెల్ పాడింది. ఇలాంటప్పుడు చూడాల్సింది ఇంకొకటుంది. అల్లిక మీద ఐరన్ ఎక్కువసేపు పెడితే లోపలి తొక్క కరిగి నడిమి తీగ షీల్డుకి అంటుకుంటుంది. పైకి ఏమీ కనబడదు, మీటరే చెప్పాలి. అందుకే పై తొక్క మీద బ్లేడు ఒత్తకుండా దొర్లించి తీసి, అల్లికని ఒక పక్కకి మెలిపెట్టి, అతుకు చటుక్కున ముగించాలి.

హమ్మింగ్ (స్పీకర్‌లో గుయ్యిమనే మోత) వస్తే ముందు బోర్డు దగ్గరే ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపి చూడండి. శబ్దం ఆగితే తప్పు ఇన్‌పుట్ వైరింగ్‌లో ఉంది: షీల్డు అతకలేదు, లేదా కంట్రోలు లోహపు ఒంటికి గ్రౌండ్ ఇవ్వలేదు. ఆగకపోతే సప్లై వైపు చూడాలి. స్పీకర్ల గ్రౌండు వైర్లు సప్లైలోని రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే నడిమి బిందువుకే వెళ్లాలి, ఇన్‌పుట్ గ్రౌండు మీదుగా కాదు. వాల్యూమ్ తగ్గించినా పాట తగ్గకపోతే కంట్రోలు గ్రౌండు కాలు ఊడి ఉండొచ్చు.

కిట్ మీద నా పెద్ద ఫిర్యాదు వైరు కూడా కాదు, మైకా వాషర్లు (ఐసీ నుంచి హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాగే లోహపు ముక్కకి, కరెంటు దాటకుండా మధ్యలో వేసే పలుచని బిళ్లలు) ఇవ్వకపోవడం. ఈ ఐసీ లోహపు వీపు మూడో కాలికి, అంటే మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. హీట్‌సింక్ వెళ్లి గ్రౌండయిన క్యాబినెట్‌ని తాకితే సప్లై షార్టే. మైకా, స్క్రూకి తొడిగే బుష్షు వేసి, ఐసీ వీపుకీ హీట్‌సింక్‌కీ మధ్య బజర్ మోగడం లేదని చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి. ఇంత ముఖ్యమైనది కవర్లో వేయకపోవడం, కొత్తగా నేర్చుకునే పిల్లల విషయంలో అన్యాయం.

ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12 వేయమన్నారు. లోడు లేనప్పుడు, కరెంటు కాస్త ఎక్కువగా వచ్చే ఊళ్లలో అది రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) తర్వాత 18 వోల్టులు దాటుతుంది. మామూలు 2030 హద్దు అక్కడితో సరి. 22 వోల్టులు తట్టుకునే 2030ఏ అడిగి వేయించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కొసలు ఎనామిల్ పూత ఉన్న తీగలైతే రాగి మెరిసేదాకా గీరాలి. లేకపోతే లెడ్డు అంటినట్టే కనబడుతుంది, కరెంటు మాత్రం దాటదు. సున్నా తీగ అలా వదులైతే ప్లస్, మైనస్ సమానంగా నిలబడవు. మొదటిసారి సీరీస్ బల్బుతోనే (మెయిన్స్ కరెంటు ముందు ఒక బల్బు గుండా వచ్చేలా) ఆన్ చేసి, అవుట్‌పుట్‌లో డీసీ కొద్ది మిల్లీవోల్టులే ఉందని చూశాక స్పీకరు కలపండి.

బోర్డుకి అయిదుకి నాలుగున్నర. కిట్ మొత్తానికి మూడు. మళ్లీ కొంటాను, దుర్గమ్మ గుడి వాళ్లు కూడా అడిగారు. మీరు కొనేటప్పుడు అదే గల్లీలో రెండు మైకాలు, రెండు బుష్షులు, రెండు మీటర్ల షీల్డ్ వైరు, అయిదు మీటర్ల 23/36 విడిగా అడిగి తీసుకోండి.