లక్ష అప్పు: పర్లాకిమిడిలో ఎవరి దగ్గర తీసుకుంటే మేలు?

ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా పిన్నిది టిఫిన్ కొట్టు. ఫ్రిజ్‌కీ గ్రైండర్‌కీ పోయినేడు లక్ష కావాల్సివచ్చింది. ఒకరు నూటికి మూడన్నారు, ఒకరు 12 శాతమన్నారు, ఇంకొకరు బంగారం పట్రమ్మన్నారు. మూడింటినీ ఒకే కొలతలోకి తెస్తే తప్ప ఏది చౌకో తేలదు.

వడ్డీ వ్యాపారి అడిగిన నూటికి మూడు నెలకు, అంటే ఏడాదికి 36 శాతం. నెలనెలా 3,000 చొప్పున 36,000 కట్టాక కూడా అసలు లక్షా అలాగే ఉంటుంది. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సివస్తే అతనే దిక్కు, కాదనను. కొట్టు సామానుకి మాత్రం ఆ వడ్డీ వద్దు. పైగా పదేళ్లు నమ్మకంగా కట్టినా ఆ మంచిపేరు సిబిల్ దాకా, అంటే మన అప్పుల చరిత్ర చూసి స్కోరు వేసే సంస్థ దాకా చేరదు.

పిన్ని దెబ్బతిన్నది రెండోదాని దగ్గర. ఫైనాన్స్ వాళ్లు చెప్పిన 12 శాతం ఫ్లాట్ వడ్డీ. నెలకు 9,333 చొప్పున 12 వాయిదాలు, మొత్తం వడ్డీ 12,000. నెలనెలా అసలు తీరుతూనే ఉంది, ఆరు వాయిదాలకే సగం తీరింది, వడ్డీ మాత్రం ఆఖరిదాకా పూర్తి లక్ష మీదే. అదే 12 శాతం తగ్గే బాకీ మీద వేసి ఉంటే వాయిదా 8,885, మొత్తం వడ్డీ 6,619. అంటే పిన్ని కడుతున్న నిజమైన రేటు 21 శాతం పైనే!

కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. పిన్ని ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ చదవలేదు. చూపించినచోట సంతకం పెట్టేసింది. నాకు బాధ అనిపించేది ఇదే. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త అప్పులకు ముఖ్యాంశాల పత్రం తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు చెప్పింది. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో కావాలని అడగండి, మొహమాటం వద్దు. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ఫీజులతో సహా ఏడాదికి పడే అసలైన రేటు అదే.

ఇక బంగారం. బ్యాంకులో 10 శాతానికి పెట్టి ఏడాది చివర విడిపిస్తే వడ్డీ 10,000. 6,619 కంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ లక్షా ఏడాదంతా మన చేతిలోనే ఉంటుంది, కాబట్టి రూపాయలు కాదు, రేటు చూడాలి. గడువు మర్చిపోతే మాత్రం నగ వేలానికి పోతుంది. రోజూ గల్లా నిండే కొట్టువాళ్లు మధ్యమధ్య కొంత జమ చేసుకోనిచ్చే బ్యాంకు చూసుకుంటే నాకు ఇదే మేలనిపిస్తుంది. బంగారం లేకపోతే చిన్న వ్యాపారులకిచ్చే ప్రభుత్వ పథకం ముద్ర రుణం అడగాలి, దానికి తాకట్టు అక్కర్లేదు.

పర్లాకిమిడిలో ఎగ్గొట్టి సరిహద్దు ఇవతల ఆంధ్రాలోని పాతపట్నంలో కొత్త అప్పు తెచ్చుకోవచ్చని అనుకునేవాళ్లున్నారు. రాష్ట్రం మారినా పాన్ మారదు. 300 నుంచి 900 దాకా ఉండే సిబిల్ స్కోరు వెంటే వస్తుంది. జామీను ఉన్నవారికీ మచ్చ తప్పదు. ఏడాదికోసారి రిపోర్టు ఉచితం, మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

పిన్నికి ఇంకా నాలుగు వాయిదాలున్నాయి. ముందే తీర్చేస్తానంటోంది. లెక్కేస్తే అందులో మిగిలిన వడ్డీ 1,600 చిల్లరే. ముందు మూసేసినందుకు వాళ్లడిగే రుసుము అంతకు మించితే నెలనెలా కట్టుకుపొమ్మని చెప్పాను.