మెరిసే రంగు చూసి పాత స్కూబా ట్యాంకులు కొనకండి

దుబాయ్, షార్జాల్లో ఉంటూ ఫుజైరా తీరంలో డైవింగ్ చేసే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగం మానేసి స్వదేశం వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర, నీటి అడుగున ఊపిరికి గాలి నింపుకెళ్లే రెండు అల్యూమినియం ట్యాంకులు కొన్నాను. పసుపు రంగు, ఒక్క గీత కూడా లేదు. గాలి నింపే ముందు పరీక్షకు పంపితే రెండూ పనికిరావని తేల్చారు.

వాటిని వేసవంతా రేకుల షెడ్డులో నిండుగా ఉంచారని తెలిసి, ఎండకే పాడయ్యాయని మిత్రులు అన్నారు. అది నిజం కాదు. 25 డిగ్రీల దగ్గర 200 బార్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్న ట్యాంకు 65 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం దాదాపు 227 బార్ అవుతుంది. 207 బార్ పని పీడనం, అంటే మామూలుగా నింపే పీడనం, గల అమెరికన్ ట్యాంకును పరీక్షించేది 345 బార్ దగ్గర. లోపం లేని ట్యాంకు కారు డిక్కీలో పేలదు. వాల్వులోని భద్రతా బిళ్ల పాతబడి ఉంటే మాత్రం చిట్లి, గాలంతా భయంకరమైన మోతతో బయటికొస్తుంది. కారులో మనుషులుంటే అదీ చిన్న సంగతి కాదు. నీడలో ఉంచండి, నెలల తరబడి వాడకపోతే కొద్దిపాటి పీడనమే ఉంచండి.

అసలు దోషం ఆ పసుపు రంగుది. పౌడర్ కోటింగ్ చేయించానని, షాపు బిల్లు కూడా ఉందని అమ్మినాయనే గొప్పగా చెప్పారు. ఆ రంగు గట్టిపడాలంటే ఓవెన్‌లో సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల వేడి తగలాలి. అల్యూమినియం ట్యాంకుకు 177 డిగ్రీలు దాటిన వేడి తగిలితే లోహం బలం కోల్పోవచ్చు. కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు. అందుకే పరీక్షకుడు బిల్లు చూడగానే తల అడ్డంగా ఊపాడు.

ట్యాంకు భుజం మీద, అంటే మెడ కింది వంపులో, లోహంలో కొట్టిన ముద్రలు చదవకుండా బేరమాడకండి. రంగు కింద అవి పూడుకుపోయి ఉంటే అక్కడే వదిలేయండి. 1990కి ముందు అమెరికాలో తయారైనదైతే 6351 అనే రకం అల్యూమినియం మిశ్రమలోహం కావచ్చు, దాని మెడ దగ్గర పగుళ్లు వచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. పరీక్ష కాగితం చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వకండి.

డబ్బు తిరిగి అడిగితే "రంగు వేయించడం తప్పా?" అన్నారాయన. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. అదే షాపులో రంగు వేయించిన మరో రెండు నీలం ట్యాంకులు ఆయన స్నేహితుడి దగ్గర అమ్మకానికి ఉన్నాయి.