కాలి మిషను: వరదలో మునిగి తేలాక నా మాట

ఈ కుట్టుమిషను గురించి నాకు చెప్పాలనిపించేది ఒక్కటే, దాని పెడలు. మిగతావన్నీ మీకు తెలిసినవే. నల్ల రంగు, ఇనప కాళ్లు, మడిచే బల్ల, పక్కన డ్రాయరు. ఒకప్పుడు వీధికి నాలుగైదు ఉండేవి, ఇప్పుడు ఉన్నచోట కూడా దాని మీద ఇస్త్రీ చెయ్యని బట్టల కుప్ప ఉంటోంది. కంపెనీ పేరు అడక్కండి. ముందువైపు బంగారు రంగు అక్షరాలు అమ్మ చెయ్యి రాసుకుని రాసుకుని నా చిన్నప్పుడే చెరిగిపోయాయి, మిగిలింది ఒక పువ్వులో సగం.

అమ్మ దీన్ని 1988లో వాయిదాల మీద కొంది. విజయవాడ సింగ్‌నగర్‌లో మేం ఉండే వీధికంతా జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు దీని మీదే కుట్టింది. అమ్మ మోకాళ్లు మొరాయించాక కుర్చీ నాకు వచ్చింది. నేను టైలర్‌ని కాదు, ఆఫీసు ఉద్యోగం నాది, సాయంత్రాలూ ఆదివారాలూ ఇంటి బట్టలు, చుట్టుపక్కల వాళ్ల చిన్నాచితకా కుడతాను. కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి.

పెడలు ఎందుకంత నచ్చిందంటే, కుట్టు నా పాదం చెప్పినచోట ఆగుతుంది. నేను వాడిన కరెంటు మిషన్లు నొక్కితే పరిగెడతాయి, వదిలితే ఇంకో రెండు కుట్లు పడ్డాక గానీ ఆగవు. జాకెట్టు మెడ గుండ్రంగా తిప్పేటప్పుడు ఆ రెండు కుట్లే కొంప ముంచుతాయి. కాలి మిషను మీద ఒక్క కుట్టు వేసి, సూది గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ తిప్పుకుని, ఇంకో కుట్టు వెయ్యొచ్చు. తొక్కడం కూడా తేలిక, శబ్దం కూడా పెద్దగా ఉండదు. అలవాటయ్యాక కాలు దాని పని అది చేసుకుపోతుంటే మనం పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోవచ్చు.

అలవాటయ్యేదాకా మాత్రం నరకం. ముందు కుడిచేత్తో చక్రం మన వైపుకి తిప్పి, ఆ ఊపు అందుకుని తొక్కాలి. తేడా వస్తే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం చిక్కుపడి పుటుక్కున తెగుతుంది. అమ్మ నాకు దారం ఎక్కించకుండా పాత పేపర్ మీద నేర్పింది. వార్తల మధ్య గీతల వెంట సూది చిల్లులు పడుతూ పోవాలి, గీత దాటితే ఆ పేజీ పక్కన పడేసి ఇంకోటి ఇచ్చేది. సెలవులన్నీ అదే పని. గుడ్డ ఇమ్మని ఏడిస్తే 'పేపర్ అయితే కిలోల్లెక్క, గుడ్డ మీటర్లెక్క' అనేది.

మా నాన్న ఆటోనగర్‌లో ఇనుముని తిప్పుతూ చెక్కే లేత్ మిషను మీద పనిచేసేవారు. ఆయనకి ఈ మిషను కుట్టే బట్టలతో సంబంధం లేదు గానీ, పెడలుకీ కింది పెద్ద చక్రానికీ మధ్య నిలువుగా ఒక కడ్డీ ఉంటుంది చూడండి, దాని కింది జాయింటుతో మాత్రం పెద్ద పేచీ. ఏళ్ల తరబడి తొక్కేసరికి అక్కడి పిన్ను అరిగి, తొక్కినప్పుడల్లా టక్కు టక్కుమనేది. అమ్మ రాత్రుళ్లు కుట్టేది కాబట్టి ఆ టక్కుతోనే మాకు నిద్ర. ఆగకుండా వస్తే లంగా అంచు, ఆగి ఆగి వస్తే జాకెట్టు చేతులని మాకు పడుకునే తెలిసిపోయేది. నాన్నకి షిఫ్టు అయ్యాక అది వినడం చిరాకు. ఒకరోజు కొలతలు తీసుకెళ్లి, పిన్నూ, అది కూర్చునే చిన్న గొట్టం లాంటి బుష్షూ లేత్ మీద తిప్పి తెచ్చి బిగించారు. టక్కు పోయింది. ఇందాక శబ్దం ఉండదన్నాను కదా, అది కంపెనీ గొప్పతనమో ఆటోనగర్ గొప్పతనమో మీరే చూసుకోండి.

అమ్మకి మోకాలి నొప్పులు మొదలైనప్పుడు తమ్ముడు మోటారు పెట్టించాడు. తోలు బెల్టు తీసి డ్రాయర్లో పడేశారు. పనికి అడ్డం పడలేదు, అబద్ధం ఎందుకు. కర్టెన్లూ దుప్పట్లూ అయితే చకచకా అయిపోయేవి. మెడలూ చేతులూ దగ్గరకొస్తే మాత్రం నేను కాలు తీసేసి, చేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టేదాన్ని.

ఇక అసలు సంగతి. 2024 ఆగస్టు 31 అంతా కుండపోత. మర్నాడు ఆదివారం, సెప్టెంబర్ 1, తెల్లవారేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది. 2005లో కూడా బుడమేరు పొంగింది, ఆ లెక్క మనసులో పెట్టుకుని పెద్దవాళ్లు గడప దాకా వచ్చి పోతుందిలే అన్నారు. గంట తిరక్కుండా మోకాళ్లు దాటింది. మాది కింద పోర్షను, ఓనర్లు పైన ఉంటారు. ఏది ఎత్తాలో తెలియని కంగారులో తమ్ముడు మిషను తల దగ్గరకెళ్లాడు. బల్ల కింద రెండు స్క్రూలు సడలిస్తే తల ఊడి చేతికొస్తుంది, బరువే గానీ ఇద్దరు పడితే మెట్లెక్కించొచ్చు. అమ్మ అరిచింది. 'దాన్నొదిలెయ్యండ్రా, బియ్యం డబ్బా ఎత్తండి, సర్టిఫికెట్ల సంచీ తియ్యండి. ఇనుమేగా, కొట్టుకుపోతుందా?' అని తన మందుల కవరు పట్టుకుని, ఆ మోకాళ్లతోనే మెట్లెక్కేసింది.

నాకు ఆ మాట కొన్నాళ్లు మింగుడు పడలేదు. మా చదువులు, నా పెళ్లి ఖర్చులో సగం ఆ మిషను మీదే అయ్యాయి. దసరా వస్తే అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. అలాంటిదాన్ని ఒక్కసారి వెనక్కి కూడా తిరిగి చూడలేదు.

పైన గడిపిన రోజుల గురించి అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. డ్రోన్లు తెచ్చిన పులిహోర పొట్లాలు, హెలికాప్టర్ల మోత, ఫోన్ చార్జింగ్ కోసం ఫ్లైఓవర్ దాకా నీళ్లలో నడక. బుడమేరు నీళ్లు మళ్లించే డైవర్షన్ కాలువకి పడ్డ గండ్లు పూడ్చేసరికి వినాయక చవితి వచ్చేసింది, నీళ్లు పూర్తిగా తియ్యడానికి ఇంకా పట్టింది.

దిగి చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. మంచం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లింది. మిషను మాత్రం పెట్టినచోటే నిలబడి ఉంది, తల పైన కూడా బురద గీత. బల్ల చెక్క ఉబ్బి, పైన సన్‌మైకా లేచిపోయింది. డ్రాయరు బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకిలించాం. లోపల హుక్కుల పాకెట్టు తుప్పు ముద్ద, మార్కింగ్ చాక్ కరిగి పేస్టు, తోలు బెల్టు నాని చెప్పుల తోలు కంపు. చక్రం పట్టుకుని తిప్పితే కదల్లేదు.

మెకానిక్ దొరకడమే గగనం, ఊళ్లో సగం మందికి అదే పని కదా. ఫైరింజన్ల వాళ్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగి వెళ్లాక ఎప్పటికో వచ్చాడు. మోటారు విప్పి వాసన చూసి 'ఇది తూకానికి వేసెయ్యండి అక్కగారూ' అన్నాడు. మిషను తల వంచి చూసి మాత్రం ముఖం విప్పారింది. 'ఇది పోదు.'

ఆ మధ్యాహ్నం అంతా అతని పక్కనే కూర్చున్నాను. సూది, గుడ్డని నొక్కి పట్టే పాదం, ప్లేటు, కింద దారం ఉండే బాబిన్ కేసు, షటిల్ వరసగా విప్పి ఒక పళ్లెంలో కిరసనాయిల్లో వేశాడు. నూనె చిల్లులన్నిట్లో కిరసనాయిలు పోసి, చక్రాన్ని బలవంతం చెయ్యకుండా ఇటు పిసరు, అటు పిసరు ఊపుతూ, మళ్లీ పోసి, టీ తాగొచ్చి, మళ్లీ ఊపుతూ. కింద గుడ్డ మీద ముందు బురద నీళ్లు, తర్వాత ఎర్రగా తుప్పు, ఆఖర్న ఎప్పటెప్పటి దారం పీచో నల్లగా దిగింది. అమ్మ కొబ్బరినూనె సీసా తేబోతే అతను ఆపేశాడు. అది పేరుకుని బంకలా పట్టేస్తుంది, మిషను నూనే వెయ్యాలి. పొద్దువాలే వేళకి చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగింది, సూది కడ్డీ పైకీ కిందకీ ఆడింది. నేను అరిచిన అరుపుకి పై పోర్షను ఆంటీ దిగి వచ్చింది.

తల బాగుపడింది గానీ పెడలు కదల్లేదు. నాన్న చేసిన పిన్ను తుప్పుతో బుష్షుకి అతుక్కుపోయింది. కిరసనాయిలు పోశాడు, సుత్తితో కొట్టాడు, లాభం లేదు. 'కోసెయ్యాలి అక్కగారూ' అన్నాడు. నేను వద్దన్నాను, ఇంకో రోజు నాననిద్దాం అన్నాను. అమ్మ స్టూలు మీంచే 'కొయ్యి తమ్ముడూ' అంది. నా వైపు తిరిగి, 'మీ నాన్నే ఉంటే ఇంకోటి తిప్పి తెచ్చేవారు గానీ, దీన్ని పట్టుకుని కూర్చునేవారా?' అంది. హాక్సా బ్లేడు పెట్టి కోశాడు. బజార్లో దొరికే బోల్టు ఒకటి వేశాడు, కొత్త తోలు బెల్టు కొలిచి కోసి క్లిప్పు పెట్టాడు. తొక్కగానే టక్కు, టక్కు. చిన్నప్పటి శబ్దం.

కింద వైరింగ్ చూసి కరెంటు ఇచ్చేదాకా ఆ ఇంట్లో పనిచేసిన మిషను అదొక్కటే. మొదట కుట్లన్నీ నల్లగా నూనెతో వచ్చాయి, చింపిరి గుడ్డ మీద తెల్లగా వచ్చేదాకా తొక్కాను. అమ్మ చూసి 'కింద దారం బిగువుగా ఉంది, బాబిన్ కేసు స్క్రూ పిసరు సడలించు' అంది, అంతే. ఏడుస్తుందేమో అనుకున్నా. నేనే ఉండబట్టలేక, 'నీకు దీని మీద ప్రేమే లేదా?' అని అడిగేశాను. 'జ్ఞాపకాలు మీకు, నడుంనొప్పి నాకు' అంది. 'ఇంకో పని దొరికుంటే దీని మొహం చూసేదాన్నా? దొరకలేదు, కుట్టాను.' అని లోపలికెళ్లి అన్నం వార్చింది.

ఇన్నేళ్లూ రాత్రి వినిపించే ఆ టక్కుని నేను జోలపాటలాగా గుర్తుపెట్టుకున్నాను. అవతల తొక్కేదాని సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు నేనే దసరా ముందు ఎదురింటి పిల్లల యూనిఫారాలు, తడిసి కుట్లు ఊడిన జాకెట్లూ పెట్టుకుని రాత్రి పదకొండు దాకా తొక్కుతుంటే పిక్కల్లో తెలిసింది.

ఆ జాకెట్ల దగ్గర ఇంకోటి చూశాను. హుక్కులు తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు దిగాయి. నిమ్మకాయా ఉప్పూ రాస్తే కొన్ని పోయాయి, కొన్నిట్లో ఆ ముక్కే తీసెయ్యాల్సొచ్చింది. అమ్మ కుట్టినవాటిలో పక్క కుట్టు విప్పితే లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ మడిచి ఉంది, అది తీసి వాడేశాం. బయట కుట్టించినవాటిలో అంత వదల్లేదు, వాటికి వస్త్రలత బట్టల మార్కెట్లో కట్‌పీసులు వెతకాల్సొచ్చింది. లావుగా తగులుతోందని అప్పట్లో ఆ మడత గురించి అమ్మతో దెబ్బలాడేవాళ్లు ఉన్నారు. 'ఏడాది తిరిగేసరికి ఒళ్లొచ్చిందని వాళ్లే వస్తారు, అప్పుడు గుడ్డ నేనెక్కణ్ణుంచి తెచ్చేది?' అనేది.

సరే, ఇలాంటి కాలి మిషను కొనుక్కోవచ్చా అంటే. తొక్కడం తేలికన్నాను, అది జాకెట్టు గుడ్డకి. జీన్స్ మడత మీద తొక్కి చూడండి, తేలిక మాట ఎత్తరు. వానాకాలం తోలు బెల్టు సాగి జారుతుంది, ఒక ముక్క కోసి మళ్లీ క్లిప్పు వేసుకోవాలి. రోజుకి పది జాకెట్లు ఇవ్వాల్సిన షాపు వాళ్లకి ఇది పనికిరాదు, పవర్ మిషనే కొనుక్కోండి. మోకాళ్లు బాగున్నవాళ్లు, ఇంటివరకు కుట్టుకునేవాళ్లు పాతది దొరికితే చూడొచ్చు, కానీ బల్ల కంటే ముందు వంగి ఆ కడ్డీ జాయింటు పట్టుకుని కదిపి చూడండి. నాకంటే ఇది ఊరికే వచ్చింది, పైగా బుడమేరు ఇంకా మా ఇంటి వెనకే ఉంది, కరెంటు అక్కర్లేనిది ఒకటి ఉండనీ అనిపిస్తుంది. మీది పై అంతస్తయితే మీ లెక్క వేరే.

కింద పోర్షన్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్‌కీ మంచానికీ అయిపోయాయి. ఈ దసరాకి మోటారు పెట్టిస్తానని తమ్ముడు అంటున్నాడు. పెట్టించమనే అమ్మ ఓటు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు ఆటోనగర్‌లో ఎవరైనా ఆ బోల్టు బదులు సరైన పిన్ను తిప్పి ఇస్తారేమో కనుక్కుంటున్నాను, పై పోర్షను ఆంటీకి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదట.