టిడ్కో ఫ్లాటా, సెంటు స్థలమా?

నెల్లూరులో కూలికి వెళ్లే కుటుంబానికి సొంతింటి కోసం ప్రభుత్వాలు చూపిన దారులు ప్రధానంగా రెండు. ఒకటి, వెంకటేశ్వరపురంలో కట్టిన తరహా టిడ్కో (రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ఫ్లాటు: 300, 365 లేదా 430 చదరపు అడుగులు. రెండోది, 2020 డిసెంబరులో మొదలైన ఇంటి పట్టా: పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర, కట్టుకోవడానికి 1.80 లక్షల సాయం.

సెంటంటే 48 గజాల పైచిలుకు. గోడలు, వాకిలి పోను ఒక గది, వంటిల్లు, మెట్ల కింద మరుగుదొడ్డి. అయినా నేల మనది. కొడుకు పెళ్లినాటికి పైన ఇంకో గది వేసుకోవచ్చు. చిక్కంతా డబ్బు దగ్గరే. సాయం విడతలుగా వస్తుంది: పునాదికి కొంత, స్లాబుకు కొంత. మేస్త్రీ మాత్రం ఏ వారం కూలి ఆ వారమే అడుగుతాడు. ఆ సందులో వడ్డీ వ్యాపారి దూరతాడు. పునాదుల మధ్య కంపచెట్లు మొలిచేది ఇందుకే.

టిడ్కోలో ఈ తిప్పలు లేవు, తాళం చేతికి వస్తుంది. ఎప్పుడు అని మాత్రం అడగకూడదు! పెద్ద ఫ్లాటుకు బ్యాంకు రుణమూ ఉంటుంది. తోపుడు బండి పెట్టుకోవడానికి చోటుండదు.

నా ఓటు పల్లెలో పట్టాకు, నగరంలో ఫ్లాటుకు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణంలో 2, పల్లెలో 3 సెంట్లు అంటోంది. పల్లెకు అది మంచి మాటే. నెల్లూరులో అంత నేల కావాలంటే ఊరికి ఇంకా దూరం పోవాలి. రోజూ ఆటో ఛార్జీ లబ్ధిదారుడిదే.