హకీకత్, పల్టన్: ఏది మేలు?

చైనా సరిహద్దు మీద హిందీలో వచ్చిన యుద్ధ చిత్రాలు తక్కువే. వాటిలో చేతన్ ఆనంద్ తీసిన ‘హకీకత్’ (1964) 1962 ఓటమి కథ. జె.పి. దత్తా తీసిన ‘పల్టన్’ (2018) అయిదేళ్ల తరువాత సిక్కిం సరిహద్దులోని నాథూ లా కనుమలో మనవాళ్లు నిలదొక్కుకున్న కథ.

చరిత్ర తెలుసుకోవాలంటే పల్టన్‌దే పైచేయి. సిక్కిం అప్పటికింకా మన రాష్ట్రం కాదు, మన రక్షణలో ఉన్న రాజ్యం. దాదాపు 14 వేల అడుగుల ఎత్తులో ఉన్న ఆ కనుమ దగ్గర రెండు సైన్యాలూ ఎదురెదురుగా కాపలా కాసేవి. రోజూ వాదులాటలు, తోపులాటలు. హద్దు కంటికి కనిపిస్తే గొడవ ఉండదని మేజర్ జనరల్ సగత్ సింగ్ ముళ్లకంచె వేయించడానికి పూనుకున్నారు. 1967 సెప్టెంబర్ 11 పొద్దున జవాన్లు తీగ లాగుతుండగా అవతలి నుంచి మెషిన్ గన్లు మోగాయి. బయట పనిలో ఉన్నవాళ్లకు దాక్కునే చోటు లేదు. తరువాత మన ఫిరంగులు అందుకున్నాయి, మూడు రోజులు పోరు నడిచింది.

ఇంత గట్టి కథ చేతిలో పెట్టుకుని దత్తా నాన్చుతారు. ఒక్కో సైనికుడికీ ఇల్లు, ప్రేయసి, జ్ఞాపకాలు వరసగా వస్తుంటే అసలు కంచె దగ్గరికి చేరేసరికి ఓపిక అయిపోతుంది. చైనా సైనికులైతే మరీ బొమ్మల కొలువు. ‘అరుంధతి’ పశుపతి సోనూ సూద్, ‘అవును’ హీరో హర్షవర్ధన్ రాణే ఇద్దరూ ఉన్నారు కాబట్టి మనవాళ్లకు ముఖాలు కొత్త కావు. అదొక్కటే ఊరట.

హకీకత్‌లో తేదీలూ వ్యూహాలూ వెతకకండి. లద్దాఖ్‌లో చెల్లాచెదురైన కాపలా శిబిరాలు, చాలని బలగం, వెనక్కి తగ్గే దారి. బల్‌రాజ్ సహానీ మేజర్ వేషంలో గొంతు పెంచకుండానే భారం మోస్తాడు. ‘హోకే మజ్‌బూర్’ పాటలో ఇంటిని తలుచుకుంటున్న జవాన్లకు రఫీ, తలత్, మన్నాడే, భూపేందర్ గొంతులిచ్చారు. కైఫీ ఆజ్మీ మాటలకు మదన్ మోహన్ కట్టిన ఆ బాణీలో వీరావేశం మచ్చుకైనా లేదు, అలసట ఉంది. పల్టన్‌లోని జ్ఞాపకాలన్నీ కలిపినా ఈ ఒక్క పాటకు సరితూగవు.

లోపాలు లేవని కాదు. ధర్మేంద్ర, ప్రియా రాజ్‌వంశ్ ప్రేమకథ సాగదీసినట్టే ఉంటుంది. నిడివి మూడు గంటలు. అయినా రెండేళ్ల కిందటి ఓటమిని, గాయం ఆరకముందే తెర మీద పెట్టడానికి గుండె కావాలి.

నా ఓటు హకీకత్‌కే. నాథూ లా సంగతి తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటే దాని తరువాత పల్టన్ రెండో సగం మాత్రం చూడండి, మొదటి సగం వదిలేసినా కథ అర్థమవుతుంది.