శుక్రవారం హైదరాబాద్ సిటీ టూర్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఆ టూర్ కంపెనీ పేరు రాయను. రాస్తే రేపు లీగల్ నోటీసు అంటారు. ఫోన్ తెరిస్తే చాలు, చార్మినార్ ముందు ఒక ఫ్యామిలీ పళ్ళికిలిస్తూ నిలబడ్డ ఫొటోతో యాడ్ వస్తుందే, వాళ్ళే. మీలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మిగతా సగం వాళ్ళ కోసమే ఈ పోస్ట్. ఇప్పుడే ఇల్లు చేరాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, మాటలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి పెళ్ళికొచ్చారు. పెళ్ళి శనివారం, తిరుగు రైలు ఆదివారం రాత్రి. ఊరు చూపించడానికి మిగిలింది శుక్రవారం. మా ఆయనకు సెలవు లేదు. ఎండలో ఆటోలు పట్టుకుని పెద్దవాళ్ళను తిప్పడం ఎందుకులే అని ప్యాకేజీ తీసుకున్నా. పెద్దవాళ్ళకి తలా 1,850, మా బాబుకి 1,250, మొత్తం 6,800. ఏసీ బండి, గైడ్, లంచ్, "అన్ని ఎంట్రీ టికెట్లతో సహా". శుక్రవారం మీద నొక్కితే పచ్చగా వెలిగింది, డబ్బు కట్టేశా. ఆ రివ్యూలన్నీ చదివి మురిసిపోయిన నా తెలివికి ఒక దండం.

మామయ్యగారు రిటైర్డ్ సోషల్ మాస్టారు. మేం వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రామ్‌ని రాజమండ్రిలోనే జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొచ్చారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండలో రామదాసు బందిఖానా... ఈ నాలుగింటి కింద ఎర్ర పెన్నుతో గీతలు. సాలార్‌జంగ్ పక్కన "12 గం." అని కూడా రాసుకున్నారు. అక్కడి గడియారం తెలుసుగా, గంట గంటకూ ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలూ చూడొచ్చని ఆయన లెక్క.

పొద్దున చార్మినార్. పైకెక్కించలేదు. "లైన్ పెద్దగుంది, టైమ్ అయిపోతది" అన్నాడు గైడ్. లోపలికి పోవడానికి టికెట్ పాతిక రూపాయలు, 149 మెట్లు. ఎక్కలేకపోతే అది మా ఇష్టం, టికెట్ కొనడానికి నీకేం నొప్పి? పక్కనే మక్కా మసీదు. దానికి అసలు టికెట్టే లేదు, అయినా "ఎంట్రీతో సహా" లిస్టులో దర్జాగా వేశారు. అదీ దూరం నుంచే. "ఇవాళ జుమ్మా కదా, నమాజ్ రష్ ఉంటది." సరే, అది న్యాయమే, ప్రార్థన వేళ మనం అడ్డుపడకూడదు. చౌమహల్లా దగ్గరికి వెళ్తే గేటు మూసి ఉంది. "లోపల ఏదో వర్క్ నడుస్తోంది మేడమ్, మధ్యాహ్నం మళ్ళీ ట్రై చేద్దాం." నమ్మాం.

తర్వాత పత్తర్‌గట్టిలో ముత్యాల షాపు. అది మాత్రం మూసి లేదండోయ్! గుమ్మంలోనే కూల్ డ్రింకులిచ్చి మరీ కూర్చోబెట్టారు. ముత్యాన్ని లైటర్ మంట మీద పెట్టి చూపించడం, ఒకదానికొకటి రుద్ది చూపించడం, "టూర్ వాళ్ళకి స్పెషల్ రేట్" అనడం. గైడ్ లోపలి గదిలోకెళ్ళి టీ తాగుతున్నాడు. చార్మినార్ దగ్గర లేని టైమ్ ఇక్కడ ఎక్కడి నుంచి ఊడిపడిందో. అత్తయ్యగారు మొహమాటానికి ఒక దండ తీసుకున్నారు. దాని రేటు ఇక్కడ రాయను, మా ఆయన కూడా ఇది చదువుతారు.

అక్కణ్ణుంచి సాలార్‌జంగ్. పన్నెండుకి ఇంకా టైముంది. మామయ్యగారు అందరికంటే ముందు దిగి, చొక్కా సర్దుకుని గబగబా గేటు దాకా నడిచారు. గేటుకి తాళం. సెక్యూరిటీ అతను మర్యాదగానే చెప్పాడు, "శుక్రవారం సెలవు సార్, ప్రతి శుక్రవారం అంతే." బోర్డు మీద కూడా అదే ఉంది. మామయ్యగారు జేబులోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, అతనికే చూపించారు. "ఇందులో రాశారు కదా బాబూ" అని. అతను పాపం ఏం చెప్తాడు?

నేను గైడ్ వైపు తిరిగితే అతను ఫోన్ చూసుకుంటున్నాడు. ఆఫీసుకి ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టా. అందరూ వినాలనే పెట్టా, ఎందుకు పెట్టానా అని ఇప్పుడు అనిపిస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

"మ్యూజియం మూసి ఉందండీ."

"అవును మేడమ్, ఫ్రైడే కదా. మీరు హైదరాబాద్‌లోనే ఉంటారు కదా, మీకు తెలీదా?"

"మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్."

"తెలిసి ఎందుకు అమ్మారు?"

"మీరు ఫ్రైడే కావాలన్నారు, ఇచ్చాం. కండిషన్స్‌లో ఉంటది చూడండి, మూసి ఉంటే మాకు సంబంధం లేదని."

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకా ఏమన్నాడో వినండి. "అయినా మీ వెంట ముసలోళ్ళున్నారు కదా మేడమ్, లోపలికెళ్ళినా అంతంత సేపు ఎక్కడ తిరుగుతారు? గోల్కొండ కూడా కిందినుంచే చూపించేస్తాం, టెన్షన్ పడకండి. ఫ్యామిలీతో వచ్చారు, ఎంజాయ్ చేయండి."

రోజూ తెల్లారేసరికి గోదావరి గట్టు మీద నడిచొచ్చే మనిషి ఆయన. ఆ మాట వినగానే కాగితాన్ని మళ్ళీ అదే మడతల్లో మడిచి జేబులో పెట్టుకుని, "పోనీలే అమ్మా, వదిలేయ్, పద" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. 6,800 పోతే పోయాయి, ఆ మాట అనిపించుకోవడానికా నేను డబ్బు కట్టింది?

బండిలో విజయవాడ నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి, ఇంకో కుటుంబం ఉన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. డ్రైవర్ మాత్రం బండి తీస్తూ మెల్లగా అన్నాడు, "ప్రతి శుక్రారం ఇదే లొల్లి మేడమ్. మేం చెప్పినా ఆఫీసోళ్ళు ఇనరు." అర్థమైందిగా? పొరపాటు కాదు. వారం వారం ఎవరో ఒకరిని ఇలాగే గేటు ముందు నిలబెడుతున్నారు.

"మూసీ హెరిటేజ్ రైడ్" అని ఇంకోటి ఉంది ప్రోగ్రామ్‌లో. అంటే ఏంటనుకున్నారు? మూసీ నది మీద నయాపూల్ వంతెన దాటుతూ బండి పోవడం! ఎవరైనా సిటీ బస్సులో చేసే పనే. పురానాపూల్ దగ్గర గైడ్ నోరు విప్పాడు. యువరాజు వరదలో గుర్రం మీద నది దాటి భాగమతి కోసం వెళ్ళాడని, అది చూసి తండ్రి భయపడి వంతెన కట్టించాడని. మామయ్యగారిలో మాస్టారు నిద్రలేచారు. "వంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు బాబూ. అప్పటికి ఆ కుర్రాడికి పన్నెండో పదమూడో ఏళ్ళు. ఏడో క్లాసు పిల్లాడి ప్రేమకి ఇరవై రెండు కమానులా?" బండిలో అందరూ నవ్వారు. గైడ్ మళ్ళీ ఫోన్‌లో తల దూర్చాడు.

ఆ తర్వాత చెప్పిందంతా మామయ్యగారే. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద, పదిహేను వేల మంది దాకా పోయారని, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని. ఆ వరద తర్వాతే నిజాం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడని, 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవేనని. గండిపేట నీళ్ళు ఇన్నేళ్ళుగా తాగుతున్నా నాకీ సంగతి ఇంత వివరంగా తెలీదు. మా బాబు ఆ చెట్టు ఇప్పటికీ ఉందా అని అడిగితే, ఉంది, దిగి చూద్దాం అన్నారాయన. డ్రైవర్ స్లో చేశాడు కూడా. గైడ్ ఆపనివ్వలేదు. ప్రోగ్రామ్‌లో లేదట! రోజు మొత్తంలో చూడదగ్గది ఏదైనా తెరిచి ఉందంటే ఆ చెట్టొక్కటే.

లంచ్ గురించి రాయడం దండగ. లంచ్ తర్వాత ఇంకో షాపు, ఈసారి చీరలు. నేను దిగనే లేదు. కుతుబ్‌షాహీ సమాధులు, చెప్పక్కర్లేదు, శుక్రవారం మూత. గోడ బయట "ఫొటో స్టాప్" ఇచ్చారు. గోల్కొండకు చేర్చేసరికి లోపలికి వెళ్ళే టైమ్ దాదాపు దాటిపోయింది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టించి, ఈ శబ్దం కిలోమీటరు దూరంలో కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని చెప్పాడు. ఎవరు విన్నారు? పైకి ఎవరినైనా పోనిచ్చాడా? రామదాసు గోడమీద చెక్కుకున్న సీతారాముల్ని చూడాలని మామయ్యగారు ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారు. కింద గేటు దగ్గర చప్పట్లు కొట్టి వచ్చేశాం.

చివరికి హుస్సేన్‌సాగర్ బోటింగ్, అది "సొంత ఖర్చు" అని అక్కడికెళ్ళాక చెప్పారు. 1990లో పడవతో పాటు మునిగిన బుద్ధుడు 1992 డిసెంబరుకల్లా రాయి మీద నిలబడ్డాడు, నా రిఫండ్ అంతకంటే ముందు తేలుతుందో లేదో. దిగేటప్పుడు గైడ్ ఏమన్నాడో ఊహించండి. "ఫైవ్ స్టార్ ఇవ్వండి మేడమ్."

ఇచ్చా, ఒకటి. పావుగంటలో కింద వాళ్ళ జవాబు: "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు." ఇంకో గంటకు నా రివ్యూనే మాయం.

ఇక జాగ్రత్తలు అంటే, సాలార్‌జంగ్, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు, ఈ మూడూ శుక్రవారం మూత. చార్మినార్, గోల్కొండ తెరిచే ఉంటాయి. ఆ రెండింటికీ పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్టే లేదు, మా బాబుకి 1,250 ఎందుకు తీసుకున్నారో వాళ్ళకే తెలియాలి. గోల్కొండ పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రం పెడితే మెట్లు మొదలుపెట్టక ముందే విజిల్ వేస్తారు. నిజానికి ప్యాకేజీయే అక్కర్లేదు. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆటో ఎక్కితే చార్మినార్, సాలార్‌జంగ్ రెండూ దగ్గరే. ఆదివారం మేం చేయబోయేది అదే, పన్నెండు కొట్టేలోపు గడియారం ముందుంటాం.

1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టా. ఒక్క మాట, బుక్ చేసే ముందు వాళ్ళ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను ఫోన్‌లో గొడవపడి వచ్చేసరికి సైట్‌లో "అన్ని ఎంట్రీ టికెట్లతో సహా" అన్న లైన్ తీసేశారు. నా చాట్‌లో ఉన్న లింక్ తెరిస్తే ఇప్పుడు కొత్తదే వస్తోంది. పాతది ఉన్నది మామయ్యగారి కాగితం మీదే. దాన్నే స్కాన్ చేసి కంప్లైంట్‌కి జత చేశా, ఎర్ర గీతలతో సహా.