ఇద్దరు, ఒకే బండి: ఆల్ప్స్ ఉప్పు దారా, ఐస్‌లాండ్ ఎఫ్ రోడ్లా?

ఇటలీ-ఫ్రాన్స్ సరిహద్దు వెంట లిమోనే నుంచి మోనేసికి పోయే పాత ఉప్పు దారి దాదాపు 39 కిలోమీటర్ల కంకర రోడ్డు. చాలాభాగం 1,800-2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. టోల్ కట్టాలి, రోజుకు ఇన్ని బండ్లేనన్న పరిమితీ ఉంది. ఇక్కడ భయమంతా లోయ అంచుతోనే. ఇరుకు మలుపులో ఎదురుబండి వస్తే ఒకరు దిగి దారి చూపాలి, రెండోవారు రివర్స్ చేయాలి. పదునైన రాళ్లు టైరును పక్కన కోస్తే పంక్చర్ ప్లగ్ ఆగదు, ఫుల్ సైజు స్టెప్నీ ఉండాల్సిందే.

ఐస్‌లాండ్ ఎఫ్ రోడ్లకు, అంటే లోపలి కొండప్రాంతాల కచ్చా రోడ్లకు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) తప్పనిసరి. సాధారణంగా జూన్ మధ్య నుంచి ఒక్కొక్కటిగా తెరుస్తారు. అసలు పరీక్ష వాగులు. ఎండకు మంచు కరిగి హిమానీనదాల వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి, అందుకే పొద్దున్నే దాటాలి. ముందే లో రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేరు అమరిక) వేసి, మొదటి గేరులో నిదానంగా, వీలైతే ప్రవాహంతోపాటు ఏటవాలుగా పోవాలి. నీళ్లలో గేరు మార్చొద్దు. ఇంజిన్ గాలితో పాటు నీళ్లు పీల్చిందంటే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అద్దెబండి బీమా సాధారణంగా ఆ ఖర్చు భరించదు.

తొలిసారైతే ఉప్పు దారే మేలు. ఐస్‌లాండే కావాలంటే, లోతు తేలని వాగు దగ్గర ఇంకో బండి వచ్చేదాకా ఆగండి.